వెనక సందు దానమ్మ

ఆదోనిలో పత్తి సావుకార్లు ఉండే వీధుల్లో ప్రతి ఇంటికీ రెండు దారులు. ముందు దారిలో జట్కాలు, పత్తి బండ్లు, పెళ్లి ఊరేగింపులు పోతాయి. వెనక దారి మనిషి పక్కకు తిరిగి నడవాల్సినంత ఇరుకు సందు. పాకీవాళ్లు తప్ప అందులోకి ఎవరూ రారు. ఇళ్ల వెనక గోడల్లో, నేలకు ఆనుకుని చిన్న రేకు తలుపులు ఉంటాయి. వాటిని పైకెత్తి, లోపలి డబ్బాను బయటికి లాగి, గంపలో పోసుకుని, బూడిద చల్లి మళ్లీ లోపలికి తోసేయాలి. చీకటితో మొదలుపెడితే ఎండెక్కేసరికి ముగుస్తుంది.

దానమ్మ ఈ పనిలో చేరి పదహారేళ్లయింది. ఆమె వంతు ముప్పై నాలుగు ఇళ్లు. పుట్టింది సి.బెళగల్ దగ్గర ఒక మెట్ట ఊళ్లో. పద్నాలుగో ఏట ఏసన్నతో పెళ్లయి ఆదోని వచ్చింది. ఏసన్న ప్రెస్సింగ్ మిల్లులో పత్తి బేళ్లు మోసేవాడు. ఒక్క కూతురు, మద్దమ్మ. ఆమెను మద్దికెరలో ఇచ్చారు. దానమ్మ పొడుగు మనిషి, మాట తక్కువ. ఆదివారం చర్చిలో వెనక వరుసలో కూర్చుంటుంది. పాటలన్నీ నోటికి వచ్చు.

నేను డాక్టరు తిమ్మారావు గారి దవాఖానాలో కాంపౌండరును. ఈ కథలో నా భాగం కూడా ఉంది కాబట్టి, ఎవరో చెప్పేకంటే నేనే చెప్పడం మంచిదనిపించింది.

1952లో ఏసన్న చనిపోయాడు. బేళ్లు మోసేవాడికి మొలలు రావడం మామూలే అని మిల్లులో అందరూ అనేవాళ్లు. నెత్తురు పడుతోందని అతను ఎవరితోనో అంటే మలాము రాసుకోమన్నారు, రాసుకున్నాడు. తర్వాత మనిషి చిక్కిపోయాడు. ఎండలకు అనుకున్నారు. ఒకనాడు కడుపు డోలులా ఉబ్బి, వాంతులు పట్టుకుంటే, రైల్లో బళ్లారి పెద్దాసుపత్రికి తీసుకుపోయింది దానమ్మ. అప్పటికి ఆదోని బళ్లారి జిల్లాలోనే ఉండేది.

అక్కడి డాక్టరు ఏసన్న మంచం పక్కన నిలబడి కొన్ని ప్రశ్నలు అడిగాడు. నెత్తురు చివర్లో చుక్కలుగా పడేదా, మలంలోనే కలిసిపోయి వచ్చేదా? జిగురు పడేదా? దొడ్డికి పోయి వచ్చిన వెంటనే మళ్లీ పోవాలనిపించేదా? వచ్చేది చిటికెన వేలంత సన్నగా అయిందా? ఇది ఎన్ని నెలల నుంచి?

ప్రతిదానికీ ఏసన్న తల ఊపాడు. చివరి ప్రశ్నకు మాత్రం నోరు తెరిచి, "పదకొండు నెల్లు సామీ" అన్నాడు.

దానమ్మ గోడకు ఆనుకుని ఉంది. పదకొండు నెలలు ఒకే కంచంలో తిని, ఒకే చాప మీద పడుకున్న మనిషి. ఒక్క మాట చెప్పలేదు. ఆ ప్రశ్నలకు జవాబులు అతనితో పాటు ఆమె కూడా అప్పుడే విన్నది.

"పెద్దపేగు చివర గడ్డ లేచింది. రాచపుండు. దారి మూసేసింది. ఆరు నెలల ముందు వచ్చి ఉంటే కోసి తీసేవాళ్లం" అన్నాడు డాక్టరు.

పంతొమ్మిదో రోజు ఏసన్న పోయాడు. బళ్లారిలోనే పూడ్చి, ఆమె ఒక్కతే రైలెక్కి వచ్చింది. మూడో రోజు మళ్లీ గంప ఎత్తుకుంది.

*

ఆమె వంతు ఇళ్లలో సావుకారు లక్ష్మప్పది ఒకటి, అది ఆమె వంతుకు వచ్చి అప్పటికి ఏడేళ్లు. పత్తి మార్కెట్లో కమీషను వ్యాపారం. ఇంట్లో లక్ష్మప్ప, భార్య శాంతమ్మ, ఒక కొడుకు, కోడలు, పనిమనిషి లింగమ్మ. లింగమ్మ ఇంటికి పోయేది కాబట్టి, పెరట్లోని పాకీదొడ్డి వాడేది నలుగురు. ఎవరిది ఎవరిదో బయట ఉన్నవాళ్లకు తెలియదు. తెలుసుకోవాలని ఎవరూ అనుకోరు కూడా.

1955 దసరా పోయిన వారంలో ఆ ఇంటి డబ్బాలో నెత్తురు కనిపించింది. దానమ్మ పట్టించుకోలేదు. ముప్పై నాలుగు ఇళ్లలో ఎవరో ఒకరికి మొలలు ఉండనే ఉంటాయి. కార్తీకం వచ్చేసరికి నెత్తురు పైన పడటం పోయి లోపల కలిసి కనిపించింది. ముక్కు చీదినట్టు జిగురు. పుష్యం నాటికి సన్నని పేలికలు.

గంప దించి చాలాసేపు చూస్తూ కూర్చున్నానని ఆమె తర్వాత నాతో అన్నది. బళ్లారి డాక్టరు గొంతు చెవిలో వినిపించిందట.

రోగం లక్ష్మప్పకే అనుకుంది. అరవైకి దగ్గరపడ్డ మనిషి, రోజంతా గద్దె మీద కూర్చునేవాడు. కానీ ఎవరికి చెప్పాలి? సావుకారి ముఖం ఆమె దగ్గరగా చూసిందే లేదు. ఆ ఇంటివాళ్లతో ఆమెకున్న మాటలు రెండే: "నీళ్లు పొయ్యమ్మా", "బూడిద లేదమ్మా". వాటికి జవాబుగా గోడ అవతల నుంచి శాంతమ్మ నీళ్లు పోసేది. ఏడేళ్లలో పెరటి తలుపు సందులో చెయ్యి, గాజులు కనిపించాయి కానీ మనిషి కనిపించింది నాలుగైదు సార్లే.

సంక్రాంతి ముందు ఒకరోజు నీళ్లు పోసింది లింగమ్మ. శాంతమ్మ ఏదని దానమ్మ అడిగింది.

"అమ్మ ఎమ్మిగనూరు పోయింది. నీలకంఠేశ్వరుని జాతర గదా. వాళ్ల తమ్ముడు లక్ష్మన్న బండి కట్టించుకోనొచ్చి తీసకపోయినాడు" అన్నది లింగమ్మ.

శాంతమ్మ పుట్టిల్లు ఎమ్మిగనూరు. తమ్ముడు లక్ష్మన్న అక్కడ మగ్గం బట్టల వ్యాపారం చేసేవాడు. ఏటా జాతరకు ఆమె పది పన్నెండు రోజులు అక్కడే ఉండేది.

మర్నాడు డబ్బాలో నెత్తురు లేదు. ఆ మర్నాడూ లేదు. వారం గడిచినా లేదు. సావుకారు ఎక్కడో మంచి మందు తిన్నాడనుకుని దానమ్మ సంతోషించింది. ఆ ఆదివారం చర్చిలో ఆయన పేరు మనసులో అనుకుని ప్రార్థన కూడా చేసింది.

పదమూడో రోజు పొద్దున రేకు తలుపు ఎత్తి డబ్బా లాగింది. నెత్తురు. జిగురు. అవే పేలికలు. అదే క్షణంలో గోడ అవతల నుంచి గాజుల చప్పుడు, శాంతమ్మ గొంతు: "నీళ్లు పోస్తాండా, జరుగు."

"అయ్యా, రేకు పట్టుకున్నది పట్టుకున్నట్టే నిలబడిపోయినా. ఆయమ్మ పోసిన నీళ్లు నా కాళ్ల మీదే పన్నాయి" అన్నది దానమ్మ నాతో.

ఆ రోజు ఆమె ఏమీ చెప్పలేకపోయింది. మర్నాడు బూడిద అడిగే నెపంతో పెరటి తలుపు తట్టింది.

"అమ్మా, ఒక మాట సెప్పాల."

"పండగ మామూలైతే లింగమ్మతో పంపిస్తా పో."

"మామూలు కాదమ్మా. నువ్వు ఎమ్మిగనూరు పోయిన పన్నెండు దినాలు డబ్బాలో నెత్తురు ల్యా. నువ్వొచ్చినావు, మళ్ల పడతాండాది."

తలుపు అవతల గాజుల చప్పుడు దగ్గరికి వచ్చింది. శాంతమ్మ గొంతు తగ్గించి అన్నది: "ఎవురికి సెప్పినావు?"

"ఎవురికీ సెప్పల్యా."

"సెప్పద్దు."

"సెప్పకుంటే నువ్వు బతకవమ్మా. మా ఆయన బతకల్యా."

తలుపు మూసుకుంది. గొళ్లెం పడింది.

మర్నాటి నుంచి ఆ డబ్బా పైన మందంగా బూడిద ఉండేది. ఏమీ కనిపించకుండా శాంతమ్మే పోసేది. దానమ్మ చీపురు పుల్లతో బూడిద పక్కకు తోసి చూసేది. కింద అదే. నాలుగు రోజులు ఇలా గడిచాయి. ఐదో రోజు పెరటి తలుపు తట్టకుండానే తెరుచుకుంది. శాంతమ్మ గడపలో నిలబడి ఉంది. ఇంత దగ్గరగా ఆమెను దానమ్మ ఎప్పుడూ చూడలేదు. పెదవులు సున్నం పూసినట్టు తెల్లగా ఉన్నాయి. గాజులు ముంజేతి నుంచి మోచేతి దాకా జారుతున్నాయి.

"మీ ఆయనకు ఎట్ల మొదలైంది?" అని అడిగింది.

దానమ్మ చెప్పింది. ఒక్కటీ దాచలేదు. శాంతమ్మ వింటూ వింటూ గడప మీద కూర్చుండిపోయింది.

"నాకు ముట్లు ఆగిపోయే వయసు గదా, ఆ నెత్తురేమో అనుకున్న్యా. ఆనక మొలలేమో అనుకున్న్యా. ఎమ్మిగనూర్లో మా తమ్ముని పెండ్లాం సూస్తాదని తెల్లారకముందే చేలల్లోకి పోయొచ్చేదాన్ని. నాకు తప్ప ఎవురికీ తెలీదనుకున్న్యా" అన్నది.

*

నెత్తురు పడుతోందని శాంతమ్మ చెబితే, ఆ సాయంత్రమే లక్ష్మప్ప భార్యను జట్కాలో మా దవాఖానాకు తీసుకొచ్చాడు. నేను పక్క గదిలో మిక్చరు కలుపుతున్నాను. మధ్యలో పరదా ఒక్కటే, మాటలన్నీ వినిపిస్తున్నాయి, సందులోంచి మనుషులు కూడా కనిపిస్తున్నారు.

"ఎన్నాళ్ల నుంచి అమ్మా?" అని అడిగారు డాక్టరు గారు.

"పది దినాలు" అన్నది శాంతమ్మ.

"నెత్తురు ఎట్లా పడుతోంది?"

భర్త పక్కనే ఉన్నాడు. పరాయి మగవాడు అడుగుతున్నాడు. డాక్టరు గారు మూడు రకాలుగా అడిగి చూశారు. చివరికి ఆమె తల దించుకుని, "దానమ్మను పిలిపించండి. ఆమెకు తెలుసు" అన్నది.

"దానమ్మ ఎవరు?" అన్నాడు లక్ష్మప్ప.

ఆమె చెప్పింది. ఏడేళ్లుగా రోజూ తన ఇంటికి వచ్చే మనిషి పేరు లక్ష్మప్ప అప్పుడే విన్నాడు. తన భార్య రోగం తన కంటే ముందు ఆ మనిషికి తెలుసునని కూడా అప్పుడే తెలిసింది. కుర్చీలో వెనక్కి వాలి, తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

నేనే సైకిలు మీద పోయి దానమ్మను వెతికాను. పాకీవాళ్ల గుడిసెల ముందు ఎసరు పెడుతోంది. విషయం చెప్పగానే ముఖం కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. దవాఖానా మెట్ల కింద ఆగిపోయింది. డాక్టరు గారు బయటికి వచ్చి, "లోపలికి రా" అన్నారు. రెండోసారి అంటే కానీ కదల్లేదు.

ఆ తర్వాత ఆమె చెప్పిన తీరు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. దసరా వారంలో ఎర్రగా పైన పడింది. కార్తీకంలో కలిసింది, రంగు నల్లబడింది. జిగురు అప్పుడే మొదలైంది. ముందు రోజుకు ఒకసారి పోయేవాళ్లు, పుష్యంలో నాలుగైదు సార్లు, ప్రతిసారీ కొంచెమే. సన్నబడి ఇరవై దినాలు. ఏది మొలల నెత్తురు, ఏది కాదో కూడా చెప్పింది. మూడో వీధిలో ఒకాయనకు మొలలు ఉన్నాయట. ఆయన నెత్తురు ఎర్రగా విడిగా పడుతుంది, మలం మామూలుగా ఉంటుంది. "అది వేరే సామీ. అది సూస్తే నాకు బయం కాదు" అన్నది.

డాక్టరు గారు కలం పక్కన పెట్టేశారు. "ఇవన్నీ నీకెట్లా తెలుసు?"

ఆమె ఏసన్న సంగతి చెప్పింది. బళ్లారి డాక్టరు ప్రశ్నలు వరసగా అప్పజెప్పింది. "ముందు ఇక్కడ చూపించుకున్నాడా?" అని డాక్టరు గారు అడిగారు.

"డాక్టరుకు సూపించుకోల్యా సామీ. మందులకాడ అడిగినానని బళ్లారిలో మంచం మీద సెప్పినాడు. ఈ అయ్యే మలాము డబ్బీ ఇచ్చినాడు. రెండు సార్లిచ్చినాడు."

ఆమె వేలు పరదా పక్కన నిలబడ్డ నా వైపు ఉంది. కోపం లేదు. ఇంటి దారి అడిగితే చూపించినట్టు చూపించింది.

నా చేతిలో మిక్చరు సీసా ఉంది. దాన్ని బల్ల మీద పెట్టాలన్న ఆలోచన కూడా రాలేదు. నాకు ఏసన్న గుర్తు రాలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. మిల్లు పనివాళ్లు రోజుకు పదిమంది వచ్చి మొలలు అనేవాళ్లు, నేను డబ్బీ తీసి ఇచ్చేవాణ్ణి. ఒక్కరి ముఖమైనా చూశానా? ఒక్క ప్రశ్నైనా అడిగానా? డాక్టరు గారు నన్ను చూశారు, ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

పరీక్ష చేయాలి, ఆడతోడు కావాలి. మా దవాఖానాలో నర్సు లేదు. లక్ష్మప్ప కోడల్ని పిలిపిస్తానన్నాడు. "వద్దు. దానమ్మ ఉండనీ" అన్నది శాంతమ్మ. మగవాళ్లం బయటికి వచ్చాం. లోపల శాంతమ్మ ఒకసారి మూలిగింది. "అయిపాయ తల్లీ, అయిపాయ" అన్న దానమ్మ గొంతు వినిపించింది.

డాక్టరు గారు బయటికి వచ్చి చేతులు చాలాసేపు కడుక్కున్నారు. "వేలికి గడ్డ తగిలింది, లక్ష్మప్పా. గట్టిగా ఉంది. మొలలు అట్లా ఉండవు. ఇంకా దారి మూయలేదు, గడ్డ కదులుతోంది కాబట్టి కోసి తీయొచ్చు. మదరాసుకు ఉత్తరం రాసిస్తాను. వచ్చే వారం అనవద్దు, రేపటి మెయిలు బండికే పో."

"మొలలకు వేసే మందు ఏదన్నా ఇచ్చి, మార్కెట్టు సీజను అయినంక..."

"సీజను అయ్యేదాకా ఆమె ఉండదు" అన్నారు డాక్టరు గారు.

మార్కెట్టులో ఎంతటి బేరానికైనా చెక్కు చెదరని లక్ష్మప్ప మెట్ల మీద కూర్చుని, తలపాగా గుడ్డలో ముఖం పెట్టుకున్నాడు. మర్నాటి మెయిలుకు ఇద్దరూ పోయారు. ఎమ్మిగనూరు నుంచి లక్ష్మన్న కూడా వచ్చి తోడు పోయాడు.

*

మూడు రోజులకు నేను దానమ్మ గుడిసెకు పోయాను. ఏం చెప్పాలని అనుకుని పోయానో, అదంతా అక్కడికి పోగానే మరిచిపోయాను. "మీ ఏసన్నను నేను చూడలేదు" అని మాత్రం అన్నాను.

ఆమె రొట్టెలు కాలుస్తోంది. చేతులు ఆపలేదు. "నువ్వు సూడల్యా. నేనూ సూడల్యా. ఊళ్లో అందరిదీ ఎత్తుతా. మాకు దొడ్డి యాడుండాది? ఆయన రైలు పట్టాల పక్క కంపల్లోకి పోయొచ్చేవాడు. ఎవురు సూస్తారు?"

నేను నిలబడే ఉన్నాను. ఇంకో రొట్టె పెనం మీద వేసి ఆమె అడిగింది: "ఆ మలాము ఇంకా ఇస్తాండావా?"

"ఇస్తున్నాను."

"అడిగి ఇయ్యి."

అప్పటి నుంచి అడుగుతున్నాను. మొలలు అని వచ్చిన ప్రతి మనిషినీ పక్కకు పిలిచి, నెత్తురు కలిసి వస్తోందా, జిగురు ఉందా, అలవాటు మారిందా, ఒళ్లు తగ్గిందా అని అడుగుతాను. కొందరు నవ్వుతారు, కొందరు తిట్టుకుంటూ ఇంకో షాపుకు పోతారు. అనుమానం ఉంటే డబ్బీ ఇవ్వను, డాక్టరు గారి గదిలోకి తోస్తాను. ఈ నాలుగేళ్లలో ఇద్దరికి గడ్డ బయటపడింది. ఒకడు ప్రెస్సింగ్ మిల్లు కూలి, ముప్పై ఒక్క ఏళ్లవాడు. ఆ వయసులో ఇది రాదనుకునేవాణ్ణి.

దానమ్మ కూడా ఇంకో రెండు ఇళ్లలో చెప్పింది. ఒక ఇంట్లో అది వట్టి మొలలే అని తేలింది. మా ఇంటికి శాపం పెట్టిందని వాళ్లు నెల రోజులు ఆమె మీద అరిచారు. ఇంకో ఇంటి ముసలాయన విని తలుపు వేసుకున్నాడు. వర్షాకాలంలో ఆయన పోయాడు. "సెప్పినా గదా" అని మాత్రం దానమ్మ అన్నది. ఆ మాట కూడా ఎవరి మీదో కోపంగా అనలేదు.

శాంతమ్మ రెండున్నర నెలలకు మదరాసు నుంచి వచ్చింది. పేగు చివర కోసి తీసేశారు. కింది దారి కుట్టేసి, కడుపుకు ఎడమ పక్కన కొత్త దారి పెట్టారు. ఇక బతికినన్నాళ్లూ అక్కడి నుంచే. గుడ్డ మడతలు పెట్టి, పట్టీ కట్టుకుని, ఎప్పటికప్పుడు శుభ్రం చేసుకోవాలి. ఊళ్లో తెలిసినవాళ్లు దాని కంటే పోవడం మేలన్నారు. ఆమె మాత్రం పోలేదు. కోడలు చేయబోతే వద్దన్నది. ఎవరినీ ముట్టనివ్వకుండా తనే చేసుకోవడం నేర్చుకుంది.

వచ్చిన పదో రోజు పొద్దున పెరటి తలుపు తెరిచి దానమ్మను పిలిచింది. ఇద్దరూ గడపకు చెరోవైపు నిలబడ్డారు.

"ఒకటి అడగాల నిన్ను. ఎంత కడిగినా సేతికి వాసన పోదు. అన్నం తినబుద్ధి కాదు. నువ్వు ఇన్నేండ్లు ఎట్ల తింటాండావు?" అని అడిగింది శాంతమ్మ.

దానమ్మను ఈ మాట ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

"సున్నం తేటతో కడుక్కోమ్మా, సబ్బుతో పోదు. ఆనక నిమ్మతొక్క రుద్దుకో. గుడ్డలు బూడిదలో నానేసి ఎండలో ఎయ్యి, నీడలో ఎయ్యద్దు. మొదటి నెల నాకూ తినబుద్ధి కాల్యా. ఆనక ఆకలి అయితాది."

"అయితాదా?"

"అయితాది."

శాంతమ్మ లోపలికి పోయి సున్నం డబ్బా తెచ్చి, ఎంత నీళ్లకు ఎంత వేయాలో అడిగి తెలుసుకుంది. మదరాసు డాక్టర్లు ఐదేళ్లు దాటితే భయం లేదన్నారట. ఇది రాసేనాటికి నాలుగేళ్లు గడిచాయి. సున్నం సంగతి చెప్పిన ఆ పొద్దున దానమ్మకు ఇంకా పంతొమ్మిది ఇళ్లు మిగిలి ఉన్నాయి. గంప ఎత్తుకుని సందులోకి పోయింది.